పచ్చ టేపు చుట్టిన పట్టకారు

మొన్న గ్యారేజీ సర్దుతుంటే ఒక పట్టకారు బయటపడింది. అమెరికాలో గ్యారేజీని కారు కోసం కడతారని అంటారు గానీ, నేను చూసినంతలో తెలుగువాళ్ల గ్యారేజీల్లో కారుకు చోటు దొరకడం అరుదు. బియ్యం బస్తాలు, ఇండియా ప్రయాణానికి పనికొస్తాయని దాచిన పాత సూట్‌కేసులు, నాలుగు రోజులు తొక్కి వదిలేసిన వ్యాయామపు సైకిలు అక్కడ కాపురం ఉంటాయి. ఆ సైకిలు వెనక ఒక అట్టపెట్టెలో ఉంది, మోచేతి పొడవున్న ఉక్కు పట్టకారు. దాని పిడికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. అంచులు నల్లబడ్డాయి గానీ టేపు ఊడలేదు. మావారు అటుగా వచ్చి, నా చేతిలో ఉన్నదాన్ని చూసి, ఏదో మరిచిపోయినవారిలా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో మేము దాన్ని పారేయలేదు, వాడనూ లేదు, దాని గురించి మాట్లాడుకోనూ లేదు.

రెండు వేల ఆరు ప్రాంతంలో మేము న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉండేవాళ్లం. గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన టౌన్‌హౌస్‌లలో ఒకటి మాది. నేను ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మాత్రలో ఉండవలసిన మందు ఉండవలసినంత ఉందా లేదా అని తేల్చడం నా ఉద్యోగం. ఎవరు ఏం చెప్పినా ఆధారం అడగడం నా జబ్బు. పెళ్లైన కొత్తలో మావారు, జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని చెబితే, ఎంత ఉల్లిపాయ, ఏ జేబులో, ఉల్లిపాయ లేనివాళ్లతో పోల్చి చూశారా అని అడిగానట. ఆ కథను ఆయన ఇప్పటికీ విందుల్లో చెప్పి నవ్విస్తారు.

మా ల్యాబ్‌లో ఒక నియమం ఉండేది. ఒకరు చేసిన పరీక్షను మరొకరు మొదటినుంచి చివరిదాకా చదివి, ప్రతి అంకెనూ సరిచూసి, కింద సంతకం పెట్టాలి. నా ఫలితాల కింద సంతకం పెట్టేది మా పక్కింటావిడే. ఫిలిప్పీన్స్‌లో రసాయనశాస్త్రం చదివి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల భాషలో అక్కను ‘ఆతే’ అంటారు. ల్యాబంతా ఆవిడను అలాగే పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. నేనిచ్చిన కాగితాన్ని ఆతే పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి సంతకం చేసేసేది. “చదవరా?” అని అడిగితే, “నువ్వు చేసిందే కదా, ఇంకేం చదవాలి?” అనేది. నియమం ప్రకారం అది పొరపాటే. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

మేము ఆ ఇంట్లో దిగిన మొదటి ఆదివారమే ఆతే పళ్లెంతో మా గుమ్మం దగ్గర నిలబడింది. అరిటాకు మీద బొగ్గులపై కాల్చిన నిండు చేప, పొట్టలో టమాటా, ఉల్లి, అల్లం ముక్కలు. వాళ్లు దాన్ని బాంగుస్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు నిండు చేప ఇవ్వాలని, పొట్ట భాగం అతిథికో పెద్దవాళ్లకో పెట్టాలని వాళ్ల ఇంటి ఆనవాయితీ. అప్పుడు మావారు, ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది ఆలోచించకుండా అనే మాటే అన్నారు: “సారీ, వియ్ ఆర్ ప్యూర్ వెజిటేరియన్.”

ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మేము చేప తింటాం, కోడి తింటాం, మేక తింటాం. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టం. శనివారం ఏదీ తినం, కార్తీకమాసంలో అసలే తినం. ఇదంతా ఆఫీసు విందులో ఒకరికి వివరించేసరికి ఆయన ప్లేటు చల్లారిపోతుంది. అందుకని మావారు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ ఒక్క ముక్క అలవాటు చేసుకున్నారు. దాన్ని అబద్ధమని మేమెవరం అనుకోలేదు; గొడుగులాగా అదొక సౌకర్యం. ఆ రోజు కూడా పళ్లెంలో ఏముందో చూడకముందే నోటికి అలవాటైన మాట వచ్చేసింది. చూశాక ఆ మాట మింగేద్దామంటే వీలుకాలేదు.

ఆతే కంగారుపడి పదిసార్లు క్షమాపణ చెప్పి పళ్లెం వెనక్కి తీసుకెళ్లింది. మరుసటి ఆదివారం కాల్చిన వంకాయ తెచ్చింది. ఆ పై ఆదివారం మమ్మల్ని వెనక పచ్చికలోకి పిలిచి, తన పెద్ద గ్రిల్ పక్కన కొత్తగా కొన్న చిన్న గ్రిల్ చూపించింది. “ఇది మీకే. చేప దీన్ని తాకదు, ప్రామిస్,” అంది. దాని పట్టకారుకు పచ్చ టేపు చుట్టింది, పొరపాటున తన పిల్లలు రెండూ కలిపేయకుండా. ఆ క్షణంలో నిజం చెప్పవలసింది. నేను మావారి వైపు చూశాను, మావారు గ్రిల్ వైపు చూశారు, ఇద్దరం కలిసి “థాంక్యూ ఆతే” అన్నాం.

ఆ తరువాత ప్రతి ఆదివారం, ఆతే చర్చి నుంచి రాగానే, బొగ్గులు రాజుకునేవి. పొలుసు తియ్యకుండానే చేపకు ఉప్పు పట్టించి, పొట్ట నింపి, ఆకు చుట్టి కాల్చేది. కొవ్వు చుక్కలు నిప్పుల మీద పడి సుయ్‌మన్నప్పుడు లేచే పొగ నేరుగా మా వంటింటి కిటికీలోకి వచ్చేది. మర్యాదకు కిటికీ మూసివస్తానని వెళ్లిన మావారు ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయేవారు. మేము ఇంట్లో చేప వండడం మానేశాం. ఉమ్మడి గోడ, పులుసు వాసనకు గోడ అడ్డం కాదు.

నేనూ ఆతే ఆ చేప గురించి ల్యాబ్‌లో తెగ వాదించుకునేవాళ్లం. బాంగుస్ తింటే రక్తం పడుతుందని, బాలింతలకు పాలు పడతాయని, జబ్బు నుంచి లేచినవాళ్లకు దాని పొట్ట కొవ్వును మించిన మందు లేదని, వెల్లుల్లి వేసిన వెనిగర్‌లో ముంచితే ఆ కొవ్వు ఒంటికి పట్టదని ఆవిడ వాదన. కొవ్వు మందైతే వెనిగర్‌తో దాన్ని తీసేయడం దేనికని నేను. “నా డిగ్రీ ల్యాబ్ గుమ్మం వరకే. వంటింట్లో మా అమ్మ చెప్పిందే సైన్స్,” అనేది. నేను దొరికినవన్నీ చదివాను. మాంసకృత్తులు మంచివి, తేలిగ్గా అరుగుతాయి, గుండెకు మేలు చేసే కొవ్వులు ఉన్నాయి గానీ చెరువులో ఏ మేత వేశారన్నదాన్ని బట్టి అవి మారుతాయి. నాచు తిని బతికే చేప కాబట్టి పెద్ద వేటచేపల్లో పేరుకునే పాదరసం భయం తక్కువ. రక్తం, పాల సంగతి నిలబడలేదు. నిప్పుల మీద మాడిన చోట పుట్టే పదార్థాలు మంచివి కావని కూడా చెప్పాను. అది తమ జాతీయ చేప అని ఆవిడ అంటే, ఏ చట్టంలోనూ నాకు కనబడలేదన్నాను. “తినని చేప గురించి నీకెందుకింత పట్టింపు?” అని ఆవిడ నవ్వేది. నేను మళ్లీ పాదరసం లెక్కల్లోకి దిగేదాన్ని.

అలా ఉండగా ఆ ఏడు వసంతంలో మా అత్తగారు వచ్చారు. సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. వచ్చిన కొద్దిరోజులకే న్యుమోనియా పట్టుకుంది. ఆసుపత్రి నుంచి తెచ్చాక జ్వరం తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. మజ్జిగన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవారు. జాకెట్లు భుజాల మీంచి జారుతుండేవి. ప్రొటీన్ పెట్టండి, బరువు ఇలాగే పడిపోతే ప్రయాణం మాట తరువాత, అసలు కోలుకోవడమే కష్టమని డాక్టర్ చెప్పారు.

“రవ్వంత చేపల పులుసుంటే నాలుగు ముద్దలు దిగతాయి అమ్మాయ్,” అన్నారు అత్తగారు ఒక మధ్యాహ్నం, ఎవరి మీదా నెపం లేకుండా.

పడకగదిలో మావారితో చెప్పాను. “ఆతే ఆ గ్రిల్ కొనకముందైతే చెప్పేసేవాణ్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్తాం? నువ్వేమో ఆమెతోనే పనిచేస్తున్నావ్,” అన్నారు. పక్క ఊరు ఎడిసన్‌లో ఒక హోటల్ నుంచి చేపల కూర తెచ్చాం. అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “ఏందబ్బా ఇది, దూది తిన్నట్టుండాది,” అని పక్కన పెట్టేశారు. అప్పుడు నాకొక శాస్త్రీయమైన ఉపాయం తోచింది. పాలలో కలిపే ప్రొటీన్ పొడి కొన్నాను, చేప నూనె మాత్రలు కొన్నాను. చేపలో ఉండేదంతా వీటిలో ఉందని వివరించాను. ఆవిడ ఒక మాత్రను వెలుతురుకు ఎత్తి చూసి, “చేప ఎట్టుంటుందో తెలిసే అంటన్నావా?” అన్నారు. ఆ సీసాను ఆతే కంట పడకుండా బీరువాలో దాచాను. చేప వండని ఇంట్లో చేప నూనె దాచుకోవడంలోని వింత అప్పుడు నాకు తట్టలేదు.

వేసవి నడుమకు వచ్చేసరికి అత్తగారు తేరుకోవడం మొదలుపెట్టారు. ముఖానికి నిగారింపు వచ్చింది, గాజులు బిగువయ్యాయి, గోడ పట్టుకోకుండా మెట్లు ఎక్కుతున్నారు. అన్నిటినీ అనుమానించే నేను ఈ ఒక్కదాన్ని అనుమానించలేదు. పొడి పనిచేసిందని హైదరాబాద్‌లోని మా అక్కకు ఫోనులో చెప్పాను, డాక్టర్‌కు చెప్పాను, ల్యాబ్‌లో ఆతేకు మరీ మరీ చెప్పాను. “చూశారా, చేప లేకుండానే మనిషి లేచింది,” అన్నాను. ఆతే మెడలోని శిలువను తడుముకుంటూ “గుడ్, గుడ్” అని ముఖం తిప్పుకుంది. వాదనలో ఓడిపోయిందనుకున్నాను.

శరదృతువు మొదట్లో అత్తగారి తిరుగు ప్రయాణం ఖాయమైంది. ఊరు విడిచి వెళ్లేవారికి వీడ్కోలు విందు ఇవ్వడం ఆతే వాళ్లలో తప్పనిసరి. ఆతే మమ్మల్ని పిలిచింది. ఆదివారం మధ్యాహ్నం, వెనక పచ్చికలో పొడుగు బల్ల, దాని మీద అరిటాకులు. ఒక కొసన మా వంకాయలు, చిన్న గ్రిల్ మీంచి పచ్చ టేపు పట్టకారుతో తీసినవి. నడుమ నిండు బాంగుస్. అత్తగారు దాని ముందు ఇంట్లో మనిషిలా కూర్చున్నారు. ఆతే ఆవిణ్ని ‘నానాయ్’ అని పిలుస్తోంది. వాళ్ల భాషలో అమ్మ అని. అది ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు.

అందరం కూర్చున్నాక ఆతే నిలబడే ఉంది. మావారి వైపు తిరిగి, “నీకొకటి చెప్పాలి. తరువాత నాతో మాట్లాడకపోయినా సరే,” అంది. మేము మా అమ్మాయిని డాన్స్ క్లాసుకు తీసుకెళ్లి, కూరగాయలు కొనుక్కుని వచ్చే ఆదివారాల్లో, ఒకరోజు అత్తగారు పొగ వచ్చిన దారినే పచ్చిక దాటి వచ్చారట. గ్రిల్ ముందు నిలబడి, చేపను చూపించి, నోరు తెరిచి చూపించారట. “మీ ఇంట్లో నిష్ఠ నాకు తెలుసు. అయినా ఆవిడ కళ్లు చూసి కాదనలేకపోయాను. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పెట్టాను. చెయ్యి కడిగించి, నోట్లో పుదీనా ఆకులు వేసి పంపేదాన్ని, మీకు తెలియకూడదని. ఫాదర్ దగ్గర కన్ఫెషన్ కూడా చేశాను. ఒక హిందూ అమ్మగారి వ్రతం చెడగొట్టాను. ఫర్‌గివ్ మీ,” అంది. మా ల్యాబ్‌లో ఎవరి తప్పునైనా ముక్కుసూటిగా చెప్పే మనిషి కళ్లు తుడుచుకుంటోంది.

అప్పుడు మావారు, దేవుడు సాక్షిగా, ఆవిణ్ని క్షమించారు. “ఇట్స్ ఓకే ఆతే. అమ్మ పెద్దావిడ కదా. మేమేమీ అనుకోం,” అన్నారు. గొంతులో ఔదార్యం కూడా ఉంది. నేను ఆయన పక్కనే కూర్చుని, వంకాయ తొడిమ వైపు చూస్తూ, తలూపాను.

అత్తగారికి ఇంగ్లీషు రాదు. “ఆయమ్మ ఎందుకు ఏడస్తా ఉంది?” అని నన్ను అడిగారు.

“మీకు చేప పెట్టినందుకు మనల్ని క్షమించమంటోంది అత్తయ్యా.”

“మనల్నా? ఎందుకంట?”

“మనం చేప ముట్టమని వాళ్లకు చెప్పి ఉన్నాం.”

“వీడేమన్నాడు మరి?”

“పర్లేదన్నారు.”

ఆవిడ కొడుకు వైపు చూశారు. చేప పొట్ట దగ్గర ఒక ముక్క తుంచి, వేలి కొసతో నొక్కి చూసి, ముళ్లు ఏరి, ఆయన ముందున్న వంకాయ పక్కన పెట్టారు. “తిను.”

“అమ్మా...”

“తినరా. మన పాలబొంతే గదా ఇది.”

ఆ సంగతి నేను తరువాత సరిచూశాను. శాస్త్రీయనామం రెండింటికీ ఒకటే. వాళ్ల బాంగుస్, పులికాట్ పాలబొంత ఒకే చేప. ఆ చేప రుచి ఎంత పేరుపడ్డదో దాని ముళ్లు అంతకంటే పేరుపడ్డవి. జుట్టంత సన్నంగా, కొసన రెండుగా చీలి, కండ నిండా దాగి ఉంటాయి. ఆతే కొడుకులు ఇద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లు. ముళ్లు తీసి అమ్మే ప్యాకెట్ తెస్తేగానీ తినరు. చిన్నప్పటి నుంచి తిన్నవాళ్లకు తప్ప మరొకరికి ఆ విద్య పట్టుబడదు.

మావారు ఆ ముక్క నోట్లో పెట్టుకున్నారు. మర్యాదకు తిన్నట్టు తిందామనే అనుకుని ఉంటారు. కానీ మింగాక ఆయన చెయ్యి తనంతట తాను చేప దగ్గరికి వెళ్లింది. చూపుడువేలితో కండను పొర వెంట విడదీసి, ముల్లు మొన తగిలిన చోట బొటనవేలు ఆనించి, విరగకుండా లాగి, ఆకు అంచున పెట్టారు. ఇంకొకటి. ఇంకొకటి. మొనలన్నీ ఒకే వైపుకు తిప్పి, వరసగా. ఆయన చేపను చూడనైనా లేదు. కళ్లు సగం మూతపడి ఉన్నాయి. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయని తెలుసుకుని తలెత్తేసరికి ఆతే ఆయన వేళ్లనే చూస్తోంది.

“యూ నో దిస్ ఫిష్,” అంది మెల్లగా.

మావారి చెయ్యి ఆగిపోయింది. ఆతే చూపు ఆ ముళ్ల వరస మీది నుంచి చిన్న గ్రిల్ మీదికి వెళ్లింది. “దాన్ని ఎప్పుడూ విడిగా కడిగేదాన్ని,” అంది. మాతో అన్నట్టు లేదు.

“ఏమంటా ఉంది?” అని అడిగారు అత్తగారు. చెప్పాను. “అట్టనా. అయితే చెప్పు అమ్మాయ్, చిన్నప్పుడు మా ఇంట్లో చేప తోమతా ఉంటే పిల్లి కంటే ముందు వీడొచ్చి కూర్చునేవోడని చెప్పు.” అది మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చాను. ఆతే పిల్లలు పగలబడి నవ్వారు. ఆతే కూడా నవ్వింది. ఆ నవ్వు పిల్లల నవ్వు కంటే ముందే ఆగిపోయింది. తరువాత పొట్ట భాగంలో మిగిలిన ముక్క తెచ్చి నా ఆకులో వేసి, నేను రుచి చూశాక, “ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది.

“సరిపోయింది ఆతే.”

నా వైపు ఒక్క క్షణం చూసింది. “ఆర్ యూ షూర్?”

ఉప్పు నిజంగానే సరిపోయింది. దాన్ని రుజువు చేసే దారి నాకు కనబడలేదు.

మరునాడు మావారు పక్కింటి తలుపు తట్టి, గుమ్మంలోనే నిలబడి, సారీ చెప్పి వచ్చారు. ఏమన్నదని అడిగితే, “ఇట్స్ ఓకే అంది,” అన్నారు. తాను ముందురోజు వాడిన మాటే అని ఆయనకూ తెలుసు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. అత్తగారు బరువు నిలబెట్టుకుని, డాక్టర్ చేత భేషనిపించుకుని, విమానం ఎక్కారు. వెళ్లేటప్పుడు బీరువాలో మాత్రల సీసా నిండుగానే ఉందని, ప్రొటీన్ పొడి వాడక లేక డబ్బాలోనే గడ్డకట్టిందని గమనించాను. అలాగని ఆవిణ్ని లేపింది బాంగుసేనని రాసి సంతకం పెట్టలేను. కాలం గడిచి ఊపిరితిత్తులు వాటంతట అవే బాగుపడి ఉండవచ్చు. ఇష్టమైనది తినడం వల్ల కావచ్చు, ఆదివారం పూట ఎదురుగా కూర్చుని తినిపించే మనిషి ఉండడం వల్ల కావచ్చు. వీటిని విడదీసి చూడగల పరీక్ష నాకు తెలియదు. నా పొడి వల్ల కాదన్నది మాత్రం ఖాయం.

ఆతే మాతో మాట్లాడడం మానలేదు. ఆదివారాలు పిలిచేది, చేప పెట్టేది, వాదించేది. చిన్న గ్రిల్ మాత్రం మళ్లీ వెలిగించలేదు. ‘ఇది మీకు పర్లేదా?’ అని వడ్డించే ముందు మమ్మల్ని అడిగే ఆవిడ అలవాటు పోయింది. ఇక ల్యాబ్‌లో, ఆ సోమవారం నేను ఇచ్చిన కాగితాన్ని ఆవిడ బల్ల మీద పరుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. ప్రతి అంకె పక్కనా పెన్సిల్ కొస ఆనించుకుంటూ చివరిదాకా చదివి, సంతకం పెట్టి ఇచ్చింది. ఏ తప్పూ లేదు. తరువాత అన్నీ అలాగే చదివింది. నియమం అదే కదా, ఎవరికని చెప్పుకోను?

కొన్నేళ్లకు ఆతే పెద్దకొడుకు దగ్గరికి నెవాడా వెళ్లిపోతూ, చిన్న గ్రిల్‌నూ పట్టకారునూ శుభ్రంగా కడిగి మా గుమ్మంలో పెట్టి, “ఇవి మొదటి నుంచీ మీవే,” అంది. గ్రిల్ తుప్పుపట్టి ఎప్పుడో చెత్తలోకి పోయింది. ఇప్పుడు మా ఇంట్లో చేప కిటికీలు తెరిచే వండుతాం. ఏ విందులోనైనా ఎవరైనా అడిగితే, ప్లేటు చల్లారిపోయినా సరే, మావారు మొత్తం వివరిస్తారు: ఏది తింటాం, ఏది తినం, ఏ రోజున తినం. వినేవాళ్లు విసుగ్గా తలూపుతారు.

పట్టకారు పిడి మీది టేపు లాగి చూశాను. ఒక కొస లేచింది గానీ కింద జిగురు ఇంకా పట్టుకునే ఉంది. మళ్లీ నొక్కేసి, దాన్ని వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్క కొక్కేనికి తగిలించాను. ఏళ్లు గడిచేకొద్దీ సిగ్గు పలచబడుతుందని నలుగురూ అంటారు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ మాటకు ఆధారం నాకింకా దొరకలేదు.